కొత్త విమానం, పాత టార్మాక్: ఒక స్క్వాడ్రన్ కేస్ స్టడీ

భారత వైమానిక దళం కొత్త తరం యుద్ధ విమానాలకు మారుతున్న రోజుల్లో జరిగిన కేసు ఇది. స్క్వాడ్రన్ ఏది, బేస్ ఎక్కడ, విమానం ఏ రకం అన్నవి రాయడం లేదు. మనుషుల పేర్లూ రాయడం లేదు. కేసు అర్థం కావడానికి వాటితో పని లేదు. నేను అప్పుడు ఇంజనీరింగ్ శాఖలో అధికారిని. నావిగేషన్ (దారి చూపే) పరికరంలో స్నాగ్‌లు, అంటే పైలట్లు రాసే లోపాలు, ఎందుకు తగ్గడం లేదో చూసి చెప్పమని నన్ను ఆ స్క్వాడ్రన్‌కు పంపారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ముందు ఈ కేసే చెప్పేవాణ్ణి. ఆధునికీకరణ అనగానే ఎన్ని విమానాలు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్న దగ్గరే మన మాటలు ఆగిపోతాయి. విమానం వచ్చి టార్మాక్ (విమానాలు నిలిపే నేల) మీద నిలబడ్డాక జరిగే పని ఎవరూ రాయరు.

నేపథ్యం

ఆ మార్పుకు దారి వేసింది ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్. మన హైదరాబాదు మనిషి. 1923లో పుట్టారు, నిజాం కాలేజీలో చదివారు, 1942లో వైమానిక దళంలో కమిషన్ అయ్యారు. మొదట కరాచీలో తీరరక్షణ పనిలో వాపిటి లాంటి రెండు జతల రెక్కల పాత విమానాలు నడిపారు. తర్వాత బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ మీద శిక్షణ పొంది బర్మా యుద్ధంలో పనిచేశారు. దేశ విభజన సమయంలో తోటి అధికారులు పాకిస్తాన్ వైపు రమ్మన్నా వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయారు. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగం ఆయన చేతిలో ఉండేది. 1978 సెప్టెంబరు 1న దళాధిపతి అయి, 1981 ఆగస్టు చివరి దాకా ఆ పదవిలో ఉన్నారు.

ఈ జీవితంలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆ ప్రణాళికల విభాగం అనుభవానికి. శత్రు భూభాగంలోకి చాలా లోతుగా వెళ్లి దాడి చేసే విమానం కావాలన్న ఫైలు ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. ఒకపక్క అప్పటికి వాడుతున్న కాన్‌బెర్రా, హంటర్ విమానాలు పాతబడిపోతున్నాయి. బ్రిటన్-ఫ్రాన్స్‌ల జాగ్వార్, ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగెన్ పోటీలో ఉన్నాయి. విగెన్ ఇంజిన్‌కు మూలం అమెరికా డిజైన్ కావడంతో అమెరికా ఒప్పుకోలేదు, ఆ దారి మూసుకుపోయింది. 1978లో ప్రభుత్వం జాగ్వార్‌ను ఎంచుకుంది. 1979 జులై 27న మొదటి రెండు విమానాలు అంబాలాలో దిగాయి. లతీఫ్ హయాంలోనే సోవియట్ యూనియన్ నుంచి మిగ్-23, మిగ్-25ల కోసం కూడా చర్చలు నడిచాయి. వాపిటితో మొదలైన మనిషి పదవీ విరమణకు ముందు మిగ్-25లో కూర్చుని ఎగిరారు.

జాగ్వార్ ఒప్పందంలో ఒక ఏర్పాటును ఇంజనీరింగ్ వాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. బ్రిటన్‌లో మనకోసం తయారయ్యే 40 విమానాలు వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా, బ్రిటిష్ వైమానిక దళం దగ్గరున్న వాటిలో కొన్నిటిని అరువు తెచ్చుకున్నారు. మన పైలట్లు, టెక్నీషియన్లు బ్రిటన్‌లో శిక్షణ పొందారు. ఆ తర్వాతి విమానాలు బెంగళూరులోని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌లో తయారు చేసుకునే ఒప్పందం. అరువు విమానాల వల్ల సొంతవి వచ్చేలోపే జనానికి చేయి తిరిగింది. విమానాలతో పాటు నేర్చుకోవడానికి కావలసిన గడువును కూడా కొన్నట్టే లెక్క. అధిపతి స్థాయిలో చేయగలిగిన మంచి పని అది. మిగిలింది టార్మాక్ మీద, కార్పొరల్ (కింది ర్యాంకు టెక్నీషియన్) చేతుల్లో జరగాలి. ఈ కేసు దాని గురించే.

సమస్య

కొత్త తరం విమానంలో పైలట్‌కు దారి చూపేది ఇనర్షియల్ నావిగేషన్ సిస్టమ్. బయటి రేడియో సాయం దానికి అక్కర్లేదు. లోపలి గైరోలు (తిరగడాన్ని కొలిచేవి), యాక్సిలరోమీటర్లు (వేగంలో మార్పును కొలిచేవి) విమానం ప్రతి కదలికనూ కొలిచి, బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరం, ఏ వైపు వచ్చామో లెక్క కడతాయి. నేలకు దగ్గరగా, రేడియో మాట లేకుండా, వేగంగా వెళ్లే దాడి విమానానికి ఇది ప్రాణం. ఇది తప్పు చెబితే పైలట్ లక్ష్యం మీదికి కాక దాని పక్కకు చేరతాడు.

ఈ స్క్వాడ్రన్‌లో పైలట్లు మాటిమాటికీ ఒకే స్నాగ్ రాస్తున్నారు: "నావిగేషన్ డ్రిఫ్ట్ ఎక్కువ." అంటే పరికరం చూపే చోటు అసలు చోటు నుంచి పక్కకు జరిగిపోతోందని. టెక్నీషియన్లు ఆ పరికరం పెట్టె తీసి బేలో (మరమ్మతు గదిలో) టెస్ట్ బెంచ్ మీద పెడితే అన్నీ పరిమితుల్లోనే ఉంటాయి. "నో ఫాల్ట్ ఫౌండ్" (లోపం కనపడలేదు) అని రాసి మళ్లీ బిగిస్తారు. కొన్ని సార్టీలు (ఒక్కో ఎగురుడు ఒక సార్టీ) బాగుంటాయి, తర్వాత అదే స్నాగ్ మళ్లీ విమానం రికార్డు పుస్తకమైన ఫారం 700లోకి వస్తుంది. పైలట్లకు టెక్నీషియన్ల మీద నమ్మకం పోయింది. పైలట్లకు కొత్త పరికరం వాడటం రావడం లేదని టెక్నీషియన్లు లోలోపల అనుకుంటున్నారు. క్రూ రూమ్‌లో టీ దగ్గర కూడా రెండు గుంపులు వేరుగా కూర్చునేవి. స్నాగ్ కంటే ఆ వాతావరణమే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

ముందు ఏం చేశారు

నేను వెళ్లేసరికే మొదటి మార్గం అయిపోవచ్చింది: అనుమానం వచ్చిన ప్రతి పెట్టెనూ మార్చేయడం. పాత విమానాల్లో ఇది పనికొచ్చే పద్ధతే. అక్కడ భాగం చెడితే చెడినట్టు కనిపిస్తుంది, మారిస్తే బాగవుతుంది. ఇక్కడ పెట్టెలు మార్చేకొద్దీ స్టోర్స్‌లో వాడటానికి పనికొచ్చే పెట్టెలు తరిగిపోయాయి. మిగ్-21 ఎలక్ట్రానిక్ పరికరాలకైతే దేశంలోనే, మన హైదరాబాద్ హెచ్‌ఏఎల్‌లో దిక్కు ఉండేది. ఈ కొత్త పెట్టెలకు అప్పటికి ఆ వసతి లేదు. విదేశంలోని తయారీదారు దగ్గరికి పంపాలి, నెలలకు గానీ తిరిగి రావు. వచ్చిన కాగితాల్లోనూ చాలాసార్లు అదే మాట, లోపం కనపడలేదని.

రెండో మార్గం బే పరీక్షలు కఠినం చేయడం. బెంచ్ మీద ఎక్కువసేపు నడిపారు, పరిమితులు బిగించారు. దానివల్ల నిజంగా బలహీనంగా ఉన్న ఒకటి రెండు పెట్టెలు దొరికాయి. స్నాగ్‌ల వరస మాత్రం ఆగలేదు.

మూడోది, పైలట్లు అలైన్‌మెంట్‌కు, అంటే ఎగిరే ముందు సిస్టమ్ తనను తాను సరిచేసుకోవడానికి, ఎక్కువ సమయం ఇవ్వాలన్న ఆదేశం. దీని వెనక ఆలోచన తప్పేమీ కాదు. స్టార్ట్ చేయగానే సిస్టమ్ ముందు తనను తాను సమతలం చేసుకుంటుంది, తర్వాత ఉత్తరం ఎటుందో వెతుక్కుంటుంది. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది కదా, ఆ తిరగడాన్ని గైరోలు పసిగట్టి ఉత్తర దిక్కు తేల్చుకుంటాయి. ఆ తరం పరికరాలకు ఇందుకు పది నిమిషాలకు అటూ ఇటూ పట్టేది. ఇంకొంచెం సమయమిస్తే ఇంకొంచెం బాగా తేల్చుకుంటుంది కదా అనుకున్నారు. ఫలితం రాలేదు. పైగా సార్టీలు ఆలస్యమయ్యాయి, పైలట్ల విసుగు పెరిగింది. ఎక్కువ సమయమిచ్చినా ఎందుకు బాగుపడలేదన్న ప్రశ్న దగ్గరే నాకు అసలు దారి దొరికింది. లోపం సమయం చాలకపోవడంలో ఉంటే, సమయం పెంచినప్పుడు కొంతైనా తగ్గాలి. అస్సలు తగ్గలేదంటే ఆ సమయంలో జరుగుతున్నదేదో సిస్టమ్‌ను చెడగొడుతూ ఉండాలి.

ప్రశ్న మార్చడం

ముందు చేసిన పని కాగితం పనే. ప్రతి పెట్టెకూ సీరియల్ నంబర్ ప్రకారం ఒక కార్డు పెట్టాం. ఏ రోజు ఏ విమానంలో ఉంది, ఏ స్నాగ్ వచ్చింది, ఎవరు తీశారు, ఎక్కడికి వెళ్లింది అన్నీ అందులో ఉండాలి. స్నాగ్ పెట్టెతో పాటు ఒక విమానం నుంచి ఇంకో విమానానికి వెళ్తే తప్పు పెట్టెది. విమానంలోనే ఉండిపోతే వైరింగ్‌దో, కనెక్టర్‌దో, చల్లబరిచే గాలిదో. రెండింటినీ పట్టుకోకుండా తిరుగుతుంటే మనం చూడాల్సింది వస్తువులను కాదు, పనిచేసే పద్ధతిని.

రెండోది డీబ్రీఫింగ్, అంటే దిగాక పైలట్ చెప్పే వివరం. అప్పటిదాకా పైలట్లు దిగాక ఇంజిన్ ఆపేటప్పుడు సిస్టమ్ ఎంత తేడా చూపిస్తోందో అదొక్కటే రాసేవాళ్లు. ఇనర్షియల్ సిస్టమ్‌లో తేడా సమానంగా పెరుగుతూ పోదు. అందులో ఒక భాగం దాదాపు 84 నిమిషాలకోసారి పెరిగి తగ్గే అలలా ఉంటుంది. గంటన్నర లోపు సార్టీ ముగించి దిగేసరికి ఆ భాగం మళ్లీ తగ్గి ఉండొచ్చు, దారిలో లక్ష్యం దగ్గర ఎక్కువగా ఉండి ఉండొచ్చు. చివరి అంకె చూసి బాగుందనీ బాలేదనీ తేల్చడం కుదరదు. అందుకని చిన్న చీటీ ఒకటి తయారు చేశాం. దారి మలుపు తిరిగే ప్రతి టర్నింగ్ పాయింట్ దగ్గర తేడా ఎంత, ఎటువైపు, మొదట ఎప్పుడు గమనించారు అన్న మూడు గడులు. మోకాలి మీది ప్యాడ్‌కు క్లిప్ చేసుకునే సైజులో ఉండాలని పట్టుబట్టాను. పెద్ద ఫారం ఇస్తే ఎవరూ నింపరు.

పైలట్లు మొదట ఒప్పుకోలేదు. కాక్‌పిట్‌లో ఉన్న పని చాలదా అన్నారు. నేను వాదించలేదు, స్క్వాడ్రన్ కమాండర్ దగ్గరికి వెళ్లి ఒక్క మాటే చెప్పాను: "సార్, డ్రిఫ్ట్ ఎక్కువ అని రాస్తే నేను చేయగలిగింది పెట్టె మార్చడమే. ఎటువైపు, ఎప్పటి నుంచి అని రాస్తే కారణం వెతకగలను." ఆయన ముందు తన సార్టీకే చీటీ నింపి ఇచ్చారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు.

చీటీలు పోగయ్యాక మూడు రకాల తేడాలు విడిపోయి కనిపించాయి. కొన్నిట్లో బయల్దేరినప్పటి నుంచే ఒకే తేడా, చివరిదాకా దాదాపు అంతే. కొన్నిట్లో బేస్ దగ్గర బాగానే ఉండి, దూరం వెళ్లేకొద్దీ ఒక పక్కకు పెరుగుతూ పోతోంది. బహు కొద్ది వాటిలో మాత్రం ఉన్నట్టుండి గంతు వేసినట్టు మారుతోంది.

ఇంకో సంగతి కార్డులను, చీటీలను పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడింది. పొద్దున్నే మొదటి విడతలో వెళ్లిన విమానాల్లో స్నాగ్‌లు తక్కువ. టర్న్‌రౌండ్ చేసి, అంటే దిగిన విమానాన్ని మళ్లీ ఎగరడానికి సిద్ధం చేసి పంపిన రెండో, మూడో సార్టీల్లో ఎక్కువ. అదే పెట్టె, అదే విమానం, కొన్నిసార్లు అదే పైలట్. పొద్దున బాగా పనిచేసిన పెట్టె పది గంటలకు ఎందుకు తప్పుతుంది?

టార్మాక్ మీద

బేలో కూర్చుంటే జవాబు దొరకదని టర్న్‌రౌండ్ జరిగే చోటికే వెళ్లి నిలబడ్డాను. పైలట్ కాక్‌పిట్‌లో ఉన్నాడు, పవర్ ట్రాలీ తగిలించి ఉంది, అలైన్‌మెంట్ మొదలైంది. ఒకపక్క బౌసర్ (ఇంధన లారీ) గొట్టం నుంచి ఇంధనం ఎక్కుతోంది, బరువు పెరిగేకొద్దీ విమానం కాళ్ల మీద మెల్లగా కుంగుతోంది. రెక్క కింద ఆయుధాల మనుషులు ప్రాక్టీస్ బాంబు ఎత్తి పైలాన్‌కు (రెక్క కింద ఆయుధం తగిలించే చోటుకు) బిగిస్తున్నారు, ఆ లాకు పడిన ప్రతిసారీ రెక్క అదురుతోంది. నిచ్చెన మీద ఒకరు ఎక్కి స్ట్రాప్‌లు సర్దుతున్నారు. ఇంకొకరు వీపు మీద నడిచి ప్యానెల్ మూస్తున్నారు. ఎవరి పని వాళ్లు చురుగ్గా, శ్రద్ధగా చేస్తున్నారు. పాత విమానం మీద అయితే ఇది మెచ్చుకోవాల్సిన టర్న్‌రౌండ్.

పక్కనే ఒక తెలుగు కార్పొరల్ నిలబడి ఉన్నాడు, నావిగేషన్ ట్రేడ్ (పని విభాగం) కుర్రాడు. అతను మెల్లగా తెలుగులో అన్నాడు: "పెట్టెకు జబ్బేమీ లేదు సార్. దాన్ని కాసేపు కుదురుగా ఉండనిస్తే గదా." ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్పాను సార్. ఆర్మమెంట్ (ఆయుధాల) వాళ్ల పనికి నేను అడ్డం ఎలా చెప్తాను?" అన్నాడు. ఆ జవాబును నేను ఈ కేసులో ముఖ్యమైన ఆధారంగా లెక్కేస్తాను. తెలిసిన మనిషి ఉన్నాడు, అతని మాట ట్రేడ్ గోడ దాటి వెళ్లే దారి లేదు.

మేస్త్రీ రసమట్టం పెట్టి చూస్తున్నప్పుడు పలక మీద ఎవరైనా నడుస్తుంటే బుడగ ఎంతసేపటికీ కుదురుకోదు. ఇక్కడా అంతే. భూమి తిరగడమంత సూక్ష్మమైన కదలికను పట్టుకోవాల్సిన గైరోలకు కుదుపు పెద్ద అల్లరి. ఉత్తర దిశలో డిగ్రీలో పదో వంతు తప్పినా, 200 కిలోమీటర్లు వెళ్లేసరికి విమానం దాదాపు 350 మీటర్లు పక్కన ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ ఒక పక్కకు పెరిగే తేడాకు కారణం ఇదే. సమయం పెంచినా లాభం లేకపోవడానికీ ఇదే కారణం, పెంచిన సమయమంతా కుదుపుల్లోనే గడిచింది.

మొదటి నుంచీ ఒకేలా ఉన్న తేడా సంగతి ఇంకా తేలిక. విమానం ఎక్కడ నిలబడి ఉందో అక్షాంశ రేఖాంశాలు పైలట్ ముందుగా ఎక్కించాలి. అందరూ ఎయిర్‌ఫీల్డ్‌కు రాసిపెట్టిన ఒకే అంకె ఎక్కిస్తున్నారు. విమానాలు నిలిపే గోడల చాటు స్థలాలైన పెన్‌లు మాత్రం ఎయిర్‌ఫీల్డ్ నలుమూలలా విసిరేసినట్టు ఉంటాయి. అక్షాంశంలో ఒక్క నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే దాదాపు 1,850 మీటర్లు. రన్‌వే మధ్యలో ఉన్నానని చెప్పి దూరపు పెన్‌లోంచి బయల్దేరితే ఆ తేడా ప్రయాణమంతా వెంట వస్తుంది. పాత విమానంలో పైలట్ మ్యాపు, గడియారం, దిక్సూచి చూసుకుని వెళ్లేవాడు కాబట్టి ఈ అంకెతో ఎవరికీ పని పడలేదు.

పనిచేసిన మార్పులు

పెన్‌ల సంగతి సర్వే చేయించి, ప్రతి పెన్ గోడ మీద పైలట్‌కు కూర్చున్న చోటి నుంచి కనిపించేలా ఆ స్థలం అంకెలు పెయింట్ చేయించడంతో తీరిపోయింది. మొదటి రకం తేడా మళ్లీ రాలేదు.

టర్న్‌రౌండ్ మార్చడం అంత సులువుగా జరగలేదు. ఇంధనం, ఆయుధాలు, ప్యానెళ్లు అన్నీ ముందు ముగించి, అలైన్‌మెంట్ మొదలయ్యాక విమానాన్ని ఎవరూ తాకకూడదని ప్రతిపాదించాను. కమాండర్‌కు వెంటనే తట్టింది టర్న్‌రౌండ్ సమయం పెరుగుతుందని. ఆ భయం న్యాయమైనదే, యుద్ధంలో ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. అందుకని పనులు ఒకదాని తర్వాత ఒకటి పేర్చకుండా, భద్రతా నియమాలు ఒప్పుకున్నంత వరకు ఏవి పక్కపక్కన చేయొచ్చో ట్రేడ్‌ల వారంట్ ఆఫీసర్లనే కూర్చోబెట్టి తేల్చమన్నాను. నేను రాసి ఇచ్చి ఉంటే అది ఒక ఆదేశంగానే మిగిలేది. వాళ్లు ఒక మధ్యాహ్నమంతా ఎయిర్‌ఫ్రేమ్, ఇంజిన్, ఆర్మమెంట్, నావిగేషన్ అని వాదించుకుని సొంతంగా ఒక క్రమం తెచ్చారు. ఆయుధాల సేఫ్టీ పిన్నులు తీయడం ఎలాగూ టాక్సీవే చివర జరిగే పనే. అప్పటికి అలైన్‌మెంట్ అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ కదలికతో ఇబ్బంది లేదు.

అలైన్‌మెంట్ మొదలుకాగానే నిచ్చెన తీసేసి, ముందు చక్రం దగ్గర ఎర్ర బోర్డు పెట్టాలని అనుకున్నాం. ఆ బోర్డు ఉన్నంతసేపు విమానం నావిగేషన్ ట్రేడ్ వాడిది. ర్యాంకు ఏదైనా సరే, అతను చేయి అడ్డం పెడితే ఆగాల్సిందే. మొదటి వారం ఒక సీనియర్ అధికారి బోర్డు ఉండగానే రెక్క మీద చేయి ఆనించి ఏదో చూడబోతే, మన కార్పొరల్ నోట మాట రాక నా వైపు చూశాడు. కమాండరే వచ్చి ఆయన్ను పక్కకు తీసుకెళ్లారు. ఆ దృశ్యం చూసినవాళ్లకు లెక్చర్ అవసరం రాలేదు.

టర్న్‌రౌండ్ కొద్దిగా పెరిగిన మాట నిజం. కానీ అప్పటిదాకా వేగంగా పంపిన విమానాల్లో చాలా వాటికి దారి సరిగా తెలియదు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే కొత్త పద్ధతిలో పనికొచ్చే సార్టీలు పెరిగాయి. పెట్టెలు మార్చడం తగ్గి స్టోర్స్ అలమరాలు మళ్లీ నిండాయి. ఉన్నట్టుండి గంతు వేసే మూడో రకం తేడా మాత్రం మిగిలింది. అల్లరి తగ్గాక అవి కార్డుల మీద స్పష్టంగా కనిపించాయి. కొన్ని ఫలానా సీరియల్ నంబర్లను వదలడం లేదు, వాటిని రిపేరుకు పంపాం. ఇంకొన్ని ఒకే విమానంలో వానాకాలంలో వస్తున్నాయి, కనెక్టర్‌లో తేమ దొరికింది.

నేను దీని నుంచి శిక్షణలోకి తీసుకెళ్లినవి

కొత్త విమానం మీద శిక్షణ సాధారణంగా ట్రేడ్‌ల వారీగా ఇస్తాం. ఇంజిన్ వాడికి ఇంజిన్, ఆర్మమెంట్ వాడికి ఆయుధం. ఈ కేసులో ప్రతి ట్రేడ్‌కూ తన పని వచ్చు. తన పని పక్కవాడి పనిని ఎక్కడ చెడగొడుతుందో ఎవరికీ నేర్పలేదు. అందుకే తర్వాత నేను నడిపిన కోర్సుల్లో ఆయుధాల వాళ్లను కూడా అలైన్‌మెంట్ పాఠానికి కూర్చోబెట్టాను, కాక్‌పిట్‌లో సూచిక ఎలా కొట్టుకుంటుందో వాళ్ల చేతే రెక్క కదిపించి చూపించాను.

"నో ఫాల్ట్ ఫౌండ్" అన్న మాటను నేను జవాబుగా తీసుకోవడం మానేశాను. బెంచ్ కదలదు, ఎండలో నిలబడదు, దాని మీద ఎవరూ ఎక్కరు. పెట్టె బెంచ్ మీద బాగుందంటే తేడా బెంచ్‌కూ టార్మాక్‌కూ మధ్య ఎక్కడో ఉందని అర్థం.

ప్రధాన కార్యాలయంలో ఉన్నవాళ్లకు నేను చెప్పింది మాత్రం అరువు విమానాల ఏర్పాటు గురించే. 1979లో దొరికినటువంటి ఆ గడువు ప్రతి కొత్త కొనుగోలులోనూ రాసుకోవాలి. ఇలాంటి సంగతులు పుస్తకంలో ఉండవు, స్క్వాడ్రన్ కొన్నాళ్లు కిందామీదా పడితే గానీ బయటికి రావు. ఆ కిందామీదా పడటం శాంతికాలంలో జరగాలి.

అలర్ట్ విమానం సంగతి

ఒక చిక్కు మాత్రం బోర్డుతో తీరలేదు. అలర్ట్ మీద (క్షణాల్లో బయల్దేరడానికి సిద్ధంగా) ఉన్న విమానం సైరన్ మోగగానే ఎగరాలి, పది నిమిషాలు కదలకుండా కూర్చోలేదు. దీనికి సిస్టమ్‌లోనే ఒక దారి ఉంది. ముందే పూర్తి అలైన్‌మెంట్ చేసి, ఆ దిశను గుర్తుపెట్టుకునేలా చేసి ఆపేస్తే, తర్వాత స్టార్ట్ చేసినప్పుడు ఉత్తరాన్ని మళ్లీ వెతుక్కోకుండా త్వరగా సిద్ధమవుతుంది. షరతు ఒక్కటే, మధ్యలో విమానం కదలకూడదు. రాత్రి ఎవరో పక్క విమానానికి దారి ఇవ్వడానికి దీన్ని టోయింగ్ ట్రాక్టర్‌తో కాస్త జరిపి, మళ్లీ అక్కడే పెట్టినా సరే, గుర్తుపెట్టుకున్న దిశ పనికిరాదు. పైగా చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. అలర్ట్ విమానాన్ని ఎంత కొద్దిగా జరిపినా ఫారం 700లో ఎర్ర సిరాతో రాయాలని, పైలట్ సంతకం పెట్టే ముందు ఆ పేజీ చూడాలని, ఎంట్రీ ఉంటే పూర్తి అలైన్‌మెంట్ మళ్లీ చేశాకే విమానాన్ని అలర్ట్‌లో పెట్టాలని నియమం చేశాం. ట్రాక్టర్ డ్రైవర్లకు కూడా ఆ నియమం ఎందుకో చెప్పి, వాళ్ల లాగ్‌బుక్‌లో అదే ఎంట్రీకి ఒక గడి వేయించాం.